సాఫ్ట్ ట్యూబును కంప్రెషన్ ఫిట్టింగుకు ఎక్కించడం: చంద్రపూర్ ఎండలకు నిలిచే వాటర్‌కూలింగ్ జాయింటు

బల్లార్‌పూర్‌లోనో రాజురాలోనో కూర్చుని కంప్యూటరుకు వాటర్‌కూలింగ్ లూప్ (పంపు, రేడియేటరు, ట్యూబుల గుండా నీళ్లు తిరుగుతూ వేడిని మోసుకెళ్లే వలయం) కట్టుకునేవాళ్లు ముందుగా ఒక లెక్క వేసుకోవాలి. రేడియేటరు ఎంత పెద్దదైనా లూపులో నీళ్లు గది గాలి కంటే చల్లబడవు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి పనిలో ఉన్నప్పుడు నీటి వేడి గది వేడి మీద పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. మే నెలలో మన చంద్రపూర్ జిల్లాలో బయట 45 దాటుతుంది. కూలర్ లేని గది మధ్యాహ్నంపూట 40 దగ్గరే ఉంటుంది. అంటే ట్యూబులో తిరిగే నీళ్లు 50, 55 అన్నమాట. పంపులకూ ట్యూబులకూ తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు 60. ఇరవై రెండు డిగ్రీల ఏసీ గదిలో తీసిన వీడియో చూసి అలాగే బిగిస్తే డిసెంబరులో ఏం కాదు. ఎండాకాలం వచ్చేసరికి పీవీసీ ట్యూబు మెత్తబడుతుంది, ఫిట్టింగు మీద పట్టు సడలుతుంది, కార్డు మీద చుక్క పడుతుంది. మన దగ్గర ప్రతి జాయింటునూ మే మధ్యాహ్నాన్ని దృష్టిలో పెట్టుకునే బిగించాలి. మరీ గట్టిగా బిగించమని కాదు. సైజు సరిగ్గా కుదరడం, కోత తిన్నగా ఉండటం, ట్యూబు అడుగుదాకా కూర్చోవడం: ఈ మూడూ ఉంటే చేతి బలమే సరిపోతుంది.

ఫిట్టింగులో నీళ్లను ఆపేది ఏది

కంప్రెషన్ ఫిట్టింగును విప్పితే రెండు ముక్కలు వస్తాయి. ఒకటి బేసు: ఒక చివర మర, దాని మొదట్లో నల్ల ఓ-రింగు, రెండో చివర ట్యూబు తొడిగే బార్బు. రెండోది కాలరు, అంటే పైనుంచి తిప్పే రింగు. మర వైపు నీళ్లను ఆపేది ఓ-రింగు. ట్యూబు వైపు ఆపేది బార్బుకూ ట్యూబు లోపలి గోడకూ మధ్య ఉన్న బిగువు. కాలరు చేసే పని ఒకటే: ట్యూబు గోడను బయటినుంచి బార్బు మీదికి నొక్కి పట్టుకోవడం. ట్యూబు బార్బు మీద సరిగ్గా కూర్చోకపోతే కాలరు ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. పైగా చూడటానికి బాగా బిగిసినట్టే ఉంటుంది. మోసం అక్కడే.

కాలరు బయటినుంచి పట్టుకుంటుంది కాబట్టి ట్యూబు లోపలి కొలత ఒక్కటే సరిపోతే చాలదు, బయటి కొలత కూడా ఫిట్టింగుతో కుదరాలి. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి మూడు: 10/13, 10/16, 13/19. ముందుది లోపలి వ్యాసం, తర్వాతది బయటిది, రెండూ మిల్లీమీటర్లలో. ఇంచుల్లో రాసేవాళ్లు 10/16ని 3/8, 5/8 అంటారు. 13/19ని 1/2, 3/4 అంటారు. ఇవి కచ్చితంగా సమానం కావు (3/8 ఇంచు అంటే 9.5 మిల్లీమీటర్లు), కానీ పెట్టె మీద రెండు పేర్లూ ఒకే సరుకుకు వాడుతుంటారు, ఆ తేడాతో ఇబ్బంది రాదు. ఇబ్బంది పెట్టేది 11/16. దాని బయటి కొలత 10/16 లాగే ఉంటుంది కాబట్టి కాలరు చక్కగా పట్టేస్తుంది, లోపల మాత్రం బార్బు మీద ట్యూబు వదులుగా ఉంటుంది. కొనేటప్పుడు రెండు అంకెలూ చదవండి. వీలైతే ట్యూబూ ఫిట్టింగులూ ఒకే చోట తీసుకోండి. మనకు సరుకు సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీ నుంచో ఆన్‌లైన్‌లోనో రావాలి. తప్పు సైజు వస్తే వాపసు పంపి మళ్లీ తెప్పించుకునేలోపు ఉత్సాహం చల్లారిపోతుంది.

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పైపుల గురించి ఒక మాట. ట్యూబు అడిగితే సేఠ్ "ఆధా ఇంచ్ దూ క్యా?" (అర ఇంచుది ఇవ్వనా?) అంటూ మేస్త్రీలు వాడే లెవెల్ పైపో, కూలర్ పంపుకు తగిలించే పైపో చుట్ట విప్పుతాడు. మీటరు ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ పైపుల గోడ మందం చుట్ట చుట్టకూ మారుతుంది, బయటి వ్యాసానికి భరోసా లేదు. కూలర్ పంపు పైపు ఊడితే నేల తడుస్తుంది, అంతే. ఇక్కడ ఊడితే గ్రాఫిక్స్ కార్డు పోతుంది.

పారదర్శకమా, నల్ల రబ్బరా

నీళ్లు, రంగులు, లైట్లు కనబడాలంటే పీవీసీయే దారి. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజరు కాలక్రమంలో నీళ్లలోకి దిగి, ట్యూబు లోపల తెల్లటి మసక పొరలా కట్టుకుంటుంది. వేడి ఎక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. నన్నడిగితే ఈ ప్రాంతంలో నల్ల ఈపీడీఎం రబ్బరు ట్యూబే వాడమంటాను. వేడికి ఆకారం కోల్పోదు, వెలుతురు లోపలికి పోనివ్వదు కాబట్టి నాచు పట్టే అవకాశం తక్కువ. ఎక్కించడానికి కొంచెం మొండిగా ఉంటుంది, గని దుమ్మూ థర్మల్ బూడిదా దాని మీద వెంటనే కనబడతాయి. ఈ రెండింటికీ ఓర్చుకుంటే చాలు.

మందం విషయంలో, 10/13 కంటే 10/16 మేలు. గోడ మందంగా ఉన్న ట్యూబు మలుపుల్లో నలిగి మడత పడదు. 13/19 కూడా మంచిదే, అయితే చిన్న క్యాబినెట్‌లో పక్కపక్కనే ఉన్న రెండు పోర్టులకు (ఫిట్టింగు బిగించే మర రంధ్రాలకు) దాని లావు కాలర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ముందే కొలుచుకోండి.

దగ్గర పెట్టుకోవలసినవి

ప్లంబర్లు వాడే పీవీసీ పైపు కట్టరు, అది లేకపోతే కొత్త బ్లేడు. వేడినీళ్లకు ఫ్లాస్కు. మార్కరు, పాత నూలు గుడ్డ, టిష్యూ పేపర్లు, డిస్టిల్డ్ వాటర్. పానా, ప్లయరు రెండూ గది బయటే ఉండనివ్వండి. చేతికి అందితే వాడబుద్ధవుతుంది.

మొదటి పని: బేసులు

ట్యూబు ముట్టుకునే ముందు అన్ని పోర్టుల్లోనూ బేసులు కూర్చోబెట్టాలి. వాటర్‌కూలింగ్‌లో మర జీ 1/4: తిన్నటి మర, ఇంచుకు 19 చుట్లు. ఇంటి ప్లంబింగులో కనబడే కొన్ని మరలు చివరికి సన్నబడుతూ వస్తాయి, అవి మరలోనే బిగిసి నీళ్లను ఆపుతాయి. ఇది అలాంటిది కాదు, ఇక్కడ ఆపేది ఓ-రింగు. అందుకే ప్లంబర్లు వాడే తెల్ల టేపు చుట్టకూడదు. చుడితే ఓ-రింగు తన చోట సమంగా కూర్చోదు, టేపు పోగులు ఊడి బ్లాకులోని (ప్రాసెసరు, కార్డుల మీద కూర్చుని వేడిని నీళ్లకు ఎక్కించే ముక్కలోని) సన్నటి గాడుల్లో ఇరుక్కుంటాయి.

బిగించే ముందు ఓ-రింగు గాడిలో చుట్టూ సమంగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. మీద వెంట్రుక గానీ నలక గానీ ఉంటే తుడవండి. ఒక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ రాసి చేత్తో తిప్పండి. ఓ-రింగు పోర్టు ముఖానికి ఆనాక ఇంకొంచెం, చెయ్యి ఇక వద్దన్నంతవరకు. అంతే చాలు. యాక్రిలిక్ బ్లాకులు, రిజర్వాయర్లు ఉంటే మరీ జాగ్రత్త, పోర్టు దగ్గర పగులు వచ్చిందంటే ఇక మరమ్మతు లేదు. మొదట్లోనే మర అడ్డంగా పడుతోందనిపిస్తే ఎదురు దిశలో తిప్పండి. చిన్న టిక్కుమన్న చోటు మర మొదలు, అక్కడినుంచి ముందుకు తిప్పండి.

కొలత, కోత

ట్యూబు చుట్టగా వస్తుంది కాబట్టి దానికి సహజంగా ఒక వంపు ఉంటుంది. ఆ వంపుతో పోట్లాడకుండా అదే వైపు మలుపు వచ్చేలా దారి ఎంచుకోండి. ఒక చివరను ఒక బేసుకు ఆనించి, వంపు ఎటు పోతే అటు పోనిస్తూ రెండో బేసు వరకు పట్టుకుని మార్కరుతో గుర్తు పెట్టండి. తర్వాత ఒక సెంటీమీటరు, కుదిరితే రెండు, ఎక్కువ ఉంచి కోయండి. ఎక్కువైన ముక్కను ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు.

పొట్టిగా కోస్తే రెండు నష్టాలు. ట్యూబు పక్కకు లాగుతుంటే కాలరుకు ఒక వైపు నొక్కుడు ఎక్కువ, రెండో వైపు తక్కువ అవుతుంది. వేడికి ట్యూబు మెత్తబడినప్పుడు చెమ్మ ఆ తక్కువ వైపునుంచే బయటికి వస్తుంది. కాలరులోంచి బయటికొచ్చిన మొదటి రెండు సెంటీమీటర్లు వంపు లేకుండా నిటారుగా ఉండేలా దారి కుదిరితే ఈ బాధ ఉండదు. అలా కుదరని చోట 45 లేదా 90 డిగ్రీల అడాప్టరు పెట్టుకోండి. తిరిగే అడాప్టరులో అదనంగా ఓ-రింగులు ఉంటాయి, ప్రతి ఓ-రింగూ ఇంకొక కారే అవకాశమే. ఎక్కడ అవసరమో అక్కడే వాడాలి, అందం కోసం కాదు. రెండో నష్టం ఏమిటంటే, జాయింటు మళ్లీ చేయాల్సి వస్తే చివర కోసుకోవడానికి ట్యూబు మిగలదు.

కోత తిన్నగా ఉండాలి. కట్టరును ఒక్కసారిగా నొక్కితే మందపాటి ట్యూబు అణిగి, కోత వాలుగా వస్తుంది. కొంచెం నొక్కి, ట్యూబును కాస్త తిప్పి, మళ్లీ నొక్కుతూ పోవాలి. బ్లేడుతో అయితే ట్యూబు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, అంచులు కలిసేలా పట్టుకుని, ఆ అంచు వెంట కోయండి. కోసిన ముక్కను బల్ల మీద నిలబెట్టి చూడండి. ఒక పక్కకు ఒరిగితే కోత వాలుగా ఉన్నట్టే. మళ్లీ రెండు మిల్లీమీటర్లు తీయండి. వాలు కోత ఉంటే బేసు అడుగున ఒక పక్క ఆనుతుంది, ఇంకో పక్క ఖాళీ మిగులుతుంది. ముక్క లోపల డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి ఆరనివ్వండి.

కాలరు ముందు, ట్యూబు తర్వాత

ఈ పనిలో అందరూ మరిచిపోయేది ఇదే. ట్యూబును బార్బు మీదికి నెట్టేలోపే కాలరును ట్యూబుకు తొడగాలి, మర ఉన్న వైపు ట్యూబు చివరకు ఉండాలి. రెండు చివరలకూ రెండు కాలర్లు, ఒకదాని వీపు ఇంకోదాని వైపు ఉండేలా, రెండూ ముందే. మొదటి చివర బిగించేశాక రెండోది గుర్తొస్తే సమస్య లేదు. రెండు చివరలూ కూర్చున్నాక గుర్తొస్తే ఒక చివర మళ్లీ ఊడదీయాల్సిందే.

ఫ్లాస్కులో నీళ్లు మరిగేవి కానక్కర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. ట్యూబు చివర ఒకటిన్నర సెంటీమీటరు మేర పదిహేను ఇరవై సెకన్లు ముంచండి. మే నెలలో ఫ్లాస్కు కూడా అక్కర్లేదు, మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. కొళాయి నీళ్లలో ముంచితే ఆ చివరను తుడిచి డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం మాత్రం మరవొద్దు. లైటరు మంట చూపించకండి, రబ్బరు కాలిపోతుంది. డిసెంబరు పొద్దున చలిలో వేడినీళ్లు లేకుండా నెట్టితే బార్బు అంచు ట్యూబు లోపలి గోడను గీకేస్తుంది.

తీసిన వెంటనే బార్బుకు తిన్నగా పెట్టి, కుడికీ ఎడమకూ కొంచెం కొంచెం మెదుపుతూ నెట్టండి. వేళ్లు జారితే నూలు గుడ్డతో పట్టుకోండి. నూనె, గ్రీజు, గిన్నెలు తోమే సబ్బు వద్దు. నూనె రబ్బరును పాడు చేస్తుంది, సబ్బు లూపులో నురగ కడుతుంది. ముక్కు ప్లయరును ట్యూబులో పెట్టి వెడల్పు చేసే చిట్కా ఒకటి చాలా చోట్ల చెబుతారు. దాని పళ్లు పెట్టే గీతలే తర్వాత నీళ్లకు దారులవుతాయి, కాబట్టి ఇంకోసారి వేడినీళ్లలో ముంచడమే నయం. ట్యూబు అంచు బేసు అడుగుకు ఆనాలి. చుట్టూ తిప్పి చూడండి, ఏ పక్కా మిల్లీమీటరు మించి ఖాళీ ఉండకూడదు.

పూర్వం బార్బు ఫిట్టింగులే ఎక్కువగా ఉన్న రోజుల్లో 1/2 ఇంచు బార్బు మీదికి 7/16 ఇంచు ట్యూబును వేడిచేసి కష్టపడి ఎక్కించేవాళ్లు, క్లిప్పు లేకపోయినా ఊడేది కాదు. కంప్రెషన్ ఫిట్టింగుతో ఆ పని చేయకండి. సాగిన గోడ బయటికి ఉబ్బి కాలరు మరకు అడ్డం వస్తుంది.

కాలరు తిప్పడం

ట్యూబు అడుగుదాకా కూర్చున్నాక కాలరును కిందికి జరపండి. మందపాటి ట్యూబులో ఇది బిగుసుకుని దిగదు. కాలరు లోపల ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, కిందికి నొక్కుతూ ముందు ఎదురు దిశలో తిప్పండి. టిక్కుమనగానే కుడివైపు తిప్పడం మొదలుపెట్టండి. మొదటి చుట్టు సులువుగా పడితే మర సరిగ్గా కలిసినట్టు. మొదటి చుట్టులోనే ప్రాణం మీదికి వస్తోందంటే అడ్డంగా పడింది, విప్పి మళ్లీ మొదలెట్టాలి.

తిప్పేటప్పుడు రెండో చేత్తో ట్యూబును కదలకుండా పట్టుకోవాలి. ఎందుకో చెబుతాను. కాలరుతో పాటు ట్యూబు కూడా మెలి తిరుగుతుంది. ఈ చివరన కుడివైపు తిరిగిన మెలి, రెండో చివరనుంచి ఆ బేసు వైపు చూస్తే ఎడమవైపు తిరుగుడే. అంటే ఇక్కడ బిగిస్తుంటే అక్కడ బిగించినది విప్పుకుంటోంది. రెండో చివర బిగించాక మొదటి చివర వదులైందని తల పట్టుకునేవాళ్లకు కారణం ఇదే. దీనికి తేలిక మందు ఉంది: రెండో చివరను బార్బు మీదికి నెట్టే ముందు ట్యూబును కాలరు తిరిగే దిశకు ఎదురుగా పావు చుట్టు మెలితిప్పి పెట్టుకోండి. కాలరు బిగిసేసరికి ఆ మెలి విప్పుకుని ట్యూబు నిమ్మళంగా ఉంటుంది. ట్యూబు మీద అచ్చు గీత ఉంటే అది రెండు చివరల మధ్య మెలికలు పడకుండా సాగిందో లేదో చూసి మెలి ఉందా లేదా చెప్పేయొచ్చు.

ఎంతవరకు తిప్పాలి? కాలరు బేసును ముట్టుకునేదాకా అనుకుంటారు చాలామంది. కొన్ని ఫిట్టింగుల్లో అలా ముట్టుకుంటుంది, మందపాటి రబ్బరు ట్యూబుతో ఒకటి రెండు మరలు బయట మిగిలిపోవడమూ మామూలే. రెండు వేళ్లతో తిప్పగలిగినంత తిప్పి, తర్వాత పిడికిలితో కొంచెం. ప్లయరు పెడితే కాలరు అంచు ట్యూబులోకి కోసుకుపోతుంది, లేదంటే బేసే తిరిగి యాక్రిలిక్‌కు బరువు పడుతుంది. అన్నీ అయ్యాక ట్యూబును చేత్తో లాగి చూడండి. మెత్తగా సాగాలి, జరగకూడదు.

గాలితో ముందు, నీళ్లతో తర్వాత

లూపు మొత్తం మూసేశాక నీళ్లు పోయకముందే గాలితో పరీక్షించండి. ఆక్వా కంప్యూటర్ వాళ్ల డాక్టర్ డ్రాప్ లాంటి గేజీ పంపులు ఇందుకే ఉన్నాయి. 0.5 బార్ దాటించొద్దు. మొదట సూది కాస్త దిగుతుంది, సాఫ్ట్ ట్యూబు గాలికి ఉబ్బడం వల్ల అలా అవుతుంది, కంగారు వద్దు. తిరిగి 0.5కి తెచ్చి అరగంట వదిలేయండి. అప్పుడూ ఆగకుండా దిగుతుంటే ఒక్కో జాయింటుకు సబ్బు నురగ రాసి బుడగ కోసం చూడండి. కరెంటు తీసి, చుట్టూ గుడ్డలు కప్పి మాత్రమే.

తర్వాత డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలకు వాడే నీళ్లు దొరుకుతాయి కానీ దుకాణంలో యాసిడ్ డబ్బాలు పక్కనే ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి. ఆర్వో నీళ్లు, బోరు నీళ్లు వద్దు. నాచు రాకుండా మందూ, తుప్పు రాకుండా మందూ కలిపిన కూలెంటు పోస్తే ఇంకా నయం. రాగి బ్లాకులున్న లూపులో అల్యూమినియం రేడియేటరు కలపకండి, రెండు లోహాల మధ్య తుప్పు ఖాయం.

పరీక్షకు పంపు ఒక్కటే తిరగాలి. బోర్డుకూ కార్డుకూ వెళ్లే కేబుళ్లన్నీ తీసేసి, పవర్ సప్లయి 24 పిన్నుల కేబులులో ఆకుపచ్చ తీగను ఏదైనా నల్ల తీగతో జంపరుతో కలిపితే పంపు నడుస్తుంది. తీగలన్నీ నల్లగా ఉన్న కేబులైతే జంపరు ప్లగ్గు కొనుక్కోండి, గుడ్డిగా లెక్కపెట్టకండి. ప్రతి ఫిట్టింగు కిందా టిష్యూ పేపరు చుట్టండి. కొన్ని గంటలు తిరగనివ్వండి. మధ్యలో కరెంటు పోతే భయమేం లేదు, వచ్చాక మళ్లీ మొదలెట్టండి.

కారితే ఎక్కడ కారిందో చూడాలి

టిష్యూ తడిసిన చోటును బట్టి పని మారుతుంది. బేసు మొదట్లో, పోర్టు ముఖం దగ్గర తడి ఉంటే ఓ-రింగు సంగతి. నీళ్లు దించి, విప్పి, ఓ-రింగు చూసి మార్చాలి. కాలరు నోట్లోంచి, అంటే ట్యూబు బయటికొచ్చే చోట తడి ఉంటే కాలరును ఇంకా తిప్పే ఆలోచన మానండి. లోపల ట్యూబు కూర్చోలేదు, లేదా గోడ గీరుకుపోయింది. నీళ్లు దించి, ఆ చివర ఒక సెంటీమీటరు కోసి, కొత్త అంచుతో మొదటినుంచి చేయాలి. ఎక్కువగా ఉంచిన ట్యూబు ఇప్పుడు పనికొస్తుంది.

మొదటిసారి పూర్తి పనిలో కొన్ని గంటలు వేడెక్కించి, ఆపి, చల్లారాక ప్రతి కాలరునూ చేత్తో పట్టి చూడండి. పీవీసీ గోడ నొక్కుడుకు కొంచెం అణుగుతుంది, కాలరు ఇంకో పావు చుట్టు తీసుకోవచ్చు. వేడిగా ఉన్నప్పుడు బిగించకండి. మెత్తబడిన ట్యూబు మరీ ఎక్కువ తీసుకుంటుంది, చల్లారాక కాలరు అంచు దిగబడిన గుర్తు అలాగే ఉండిపోతుంది. హోళీ అయ్యాక, ఎండలు ముదరకముందు, ఇంకొకసారి ఇలాగే చూడటం మంచి అలవాటు. మన దుమ్ముతో ఒక్క లాభం ఉంది: ఎక్కడైనా చెమ్మ పారుతుంటే ఆ కాలరు కింద బూడిద ముద్దకట్టి గట్టిపడుతుంది. పొడి దుమ్ము ఊదితే పోతుంది, అది పోదు. కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టేలా పెడితే మాత్రం ఈ గుర్తు పనికిరాదు, అన్నిచోట్లా ముద్దే కడుతుంది.

ఊడదీసేటప్పుడు

కొంతకాలం వాడిన రబ్బరు ట్యూబు బార్బుకు అతుక్కుపోతుంది. నీళ్లు దించి, కాలరు విప్పి వెనక్కి జరిపి, ట్యూబును మెలితిప్పి చూడండి. రాకపోతే బార్బు మీద బలంగా లాగకండి, పోర్టు విరుగుతుంది. బార్బు ఉన్న మేర ట్యూబును పొడవునా బ్లేడుతో చీరండి, గోడలో సగం మందం వరకే. మిగిలిన సగం వేళ్లతో విప్పితే చిరిగి వచ్చేస్తుంది. బ్లేడు మొన లోహాన్ని తాకితే బార్బు మీద పొడవాటి గీత పడుతుంది, కొత్త ట్యూబు వేశాక నీళ్లు ఆ గీత వెంటే బయటికి నడుస్తాయి. గోరుతో తడిమితే తగిలే గీత ఉన్న బేసును పక్కన పడేసి కొత్తది పెట్టండి. పాత ట్యూబు చివర ఎంత బాగున్నా మళ్లీ ఎక్కించకుండా, కాలరు అచ్చు పడిన మేర కోసేయండి.